ఆటోమేటిక్ గేర్‌బాక్స్: ఇంటి దగ్గరే చేసుకోగలిగిన సర్వీసు, కనిపెట్టగలిగిన తప్పులు

ఆటోమేటిక్ బండి జర్క్ ఇస్తోందనో, రివర్స్ పడటానికి ఆలస్యమవుతోందనో షెడ్డుకి తీసుకెళ్తే చాలాచోట్ల మొదట వినపడే మాట "గేర్‌బాక్స్ దించి చూడాలి సార్" అని. దించడమంటే మాటలు కాదు. బండి రోజుల తరబడి షెడ్డులో ఉంటుంది, బిల్లు ఎక్కడ తేలుతుందో దించేవాడికే తెలీదు. ఆ మాటకి తల ఊపే ముందు మీరు స్వయంగా చూసుకోగలిగినవి చాలా ఉన్నాయి: బ్యాటరీ, బ్రేక్ లైటు స్విచ్చి, ఇంజిన్ మౌంటింగులు (ఇంజిన్‌ని పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు), ఆయిల్ మట్టం, ఆయిల్ రంగు, వాసన. వీటిలో దేనికీ గేర్‌బాక్స్ విప్పక్కర్లేదు. చవకైన అనుమానాలన్నీ తీరాకే ఖరీదైన అనుమానం దగ్గరికి వెళ్లాలి. ఈ వ్యాసం చెప్పేది అదే.

ఒక హద్దు కూడా పెట్టుకుందాం. ఇంటి పని డ్రెయిన్ బోల్టు (ఆయిల్ దించే బోల్టు) దగ్గర ఆగిపోతుంది. వాల్వ్ బాడీ (ఆయిల్ ఒత్తిడిని ఏ గేరుకి పంపాలో నడిపించే భాగం) విప్పడం, లోపలి క్లచ్ ప్లేట్లు మార్చడం దుమ్ములేని గదిలో, చేయి తిరిగినవాళ్లు చేయాల్సిన పని.

మీ బండిలో ఉన్నది ఏ గేర్‌బాక్స్?

క్లచ్ పెడల్ లేని ప్రతి బండినీ మనం ఆటోమేటిక్ అనేస్తాం. లోపల మాత్రం నాలుగు రకాల యంత్రాలు ఉంటాయి. ఏది ఉందో తెలియకుండా ఆయిల్ డబ్బా కొనకండి.

ఏఎంటీ అన్నది 2014లో మారుతి సెలెరియోతో మన దగ్గర మొదలైంది. ఇది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేర్ మార్చే పని మనకి బదులు యాక్చుయేటర్ అనే పరికరం చేస్తుంది. అందులో పోసేది మాన్యువల్ బళ్లలో పోసే గేర్ ఆయిలే. సీవీటీలో గేర్లే ఉండవు. రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు ఉంటుంది, హోండా సిటీ ఆటోమేటిక్‌లో ఉన్నది ఇదే. డీసీటీలో రెండు క్లచ్‌లు ఉంటాయి. ఫోక్స్‌వాగన్ వాళ్లు డీఎస్‌జీ అని పిలిచేది, హ్యుందాయ్, కియా టర్బో పెట్రోల్ బళ్లలో వచ్చేది ఈ రకం. నాలుగోది టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్, ఇందులో ఇంజిన్ బలం ఆయిల్ ద్వారా గేర్లకి అందుతుంది. ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్, క్రెటా డీజిల్ ఆటోమేటిక్, ఇప్పటి బ్రెజా, ఎర్టిగా ఆటోమేటిక్‌లు ఈ కోవలోవి.

సీవీటీలో మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పోస్తే ఉక్కు బెల్టు పుల్లీ మీద జారడం మొదలుపెడుతుంది, పుల్లీ మీద గీతలు పడ్డాక ఇక చేసేదేమీ ఉండదు. "అన్నిటికీ సరిపోతుంది" అని రాసి ఉన్న డబ్బాల జోలికి పోకండి. ఓనర్స్ మాన్యువల్ వెనక పేజీల్లో ఆయిళ్ల పట్టిక ఉంటుంది. అందులో రాసిన గ్రేడే కొనండి. హోండా సీవీటీకి హెచ్‌సీఎఫ్-2, టొయోటా క్రిస్టాకి డబ్ల్యూఎస్, హ్యుందాయ్, కియా ఆరు గేర్ల ఆటోమేటిక్‌కి ఎస్‌పీ-4. పేర్లు ఇలా ఉంటాయి, ఒకదాని బదులు ఒకటి పనికిరాదు.

ఇక్కణ్ణుంచి హ్యుందాయ్, కియా ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. 2015లో వచ్చిన మొదటి క్రెటా నుంచి ఇప్పటి సెల్టోస్, సోనెట్ డీజిల్ ఆటోమేటిక్‌ల దాకా మన రోడ్ల మీద బాగా కనపడేది ఇదే. డిప్‌స్టిక్ లేని గేర్‌బాక్స్‌లు చాలావరకు ఇదే పద్ధతిలో నడుస్తాయి కాబట్టి మిగతా బళ్లవాళ్లకీ పనికొస్తుంది.

ఎప్పుడు మార్చాలి

"ఇది లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు" అని సర్వీస్ అడ్వైజర్ చెప్తాడు. ఆయన చెప్పింది పూర్తి అబద్ధమేమీ కాదు. మామూలు వాడకంలో మార్చక్కర్లేదని చాలా కంపెనీల పట్టికల్లోనే ఉంటుంది. అయితే అదే మాన్యువల్లో కఠిన వాడకం అని ఇంకో పట్టిక ఉంటుంది. హ్యుందాయ్ పుస్తకాల్లో కఠిన వాడకం అంటే ఏమిటో చెప్తూ, 32 డిగ్రీలు దాటిన ఎండలో రద్దీ ట్రాఫిక్‌లో నడపడం అని కూడా రాస్తారు. మార్చి నుంచి జూన్ దాకా అమీర్‌పేటలోనో, బెంజ్ సర్కిల్ దగ్గరో బండి నడిపేవాళ్లు ఏ పట్టికలోకి వస్తారో వేరే చెప్పాలా? బీఎండబ్ల్యూ వంటి బళ్లకి గేర్‌బాక్స్‌లు చేసిచ్చే జర్మనీ కంపెనీ జడ్‌ఎఫ్ కూడా 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్యలో, లేదా ఎనిమిదేళ్లకి ఆయిల్ మార్చమనే చెప్తుంది. సిటీ ట్రాఫిక్ ఎక్కువగా ఉంటే 60,000కే మార్చేయమని నా సలహా.

ఆయిల్‌ని చంపేది కిలోమీటర్ల కంటే వేడే. 80 డిగ్రీల దగ్గర హాయిగా పనిచేసే ఆయిల్, ఆపైన ప్రతి పది పదకొండు డిగ్రీలకి సగం ఆయుష్షు పోగొట్టుకుంటుందని ఈ రంగంలో ఒక మోటు లెక్క ఉంది. రామగుండం, రెంటచింతల ఎండల్లో ఏసీ ఆన్‌లో పెట్టి, ట్రాలీ లాగుతూ తిరిగే బండికి, ఊటీలో తిరిగే బండికి ఒకే గడువు ఎలా సరిపోతుంది?

కావలసినవి

మాన్యువల్లో చెప్పిన ఆయిల్ అయిదు లీటర్లు, డ్రెయిన్ బోల్టుకీ లెవెల్ బోల్టుకీ (ఆయిల్ మట్టం చూసే బోల్టు) కొత్త వాషర్లు, సాకెట్ సెట్టు, వీలైతే టార్క్ రెంచ్, మీటరు పొడవు పైపు తగిలించిన గరాటు, పాత ఆయిల్ పట్టడానికి వెడల్పాటి టబ్బు, కొలతలున్న ఖాళీ డబ్బాలు, నూలు పోగులు ఊడని గుడ్డ, చేతి గ్లౌజులు, కళ్లద్దాలు. ఉష్ణోగ్రత చూడటానికి ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటరులోని సమాచారం చదివే పరికరం) కావాలి. బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిసేది చవకలోనే దొరుకుతుంది. కాకపోతే గేర్‌బాక్స్ ఆయిల్ ఉష్ణోగ్రత అన్ని యాప్‌లలో కనపడదు, మీ బండి బ్రాండ్‌కి పనిచేసే యాప్ ముందే చూసుకోండి. అది కుదరకపోతే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో గేర్‌బాక్స్ అడుగు లోహాన్ని చూడొచ్చు. లోపలి ఆయిల్ కంటే అది కాస్త తక్కువ చూపిస్తుంది.

ఆయిల్‌ని బండి కంపెనీ డీలరు దగ్గరో, నమ్మకమైన పెద్ద షాపులోనో కొనండి. పుత్లీబౌలీలోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ దొరకనిది లేదు, కానీ ఏటీఎఫ్‌లో నకిలీలు తిరుగుతాయి. సీలు, బ్యాచ్ నంబరు చూసి, బిల్లు తీసుకోండి.

ఇక జాకీ సంగతి. బండితో పాటు వచ్చిన జాకీ టైరు మార్చడానికి ఇచ్చింది, దాని మీద ఆనించిన బండి కిందకి వెళ్లకూడదు. ఇటుకలు, కొబ్బరి మొద్దులు పెట్టడం మన వీధుల్లో మామూలే గానీ అవి ఎప్పుడు చీలతాయో తెలీదు. నాలుగు జాకీ స్టాండ్లు కావాలి, లేదా తెలిసిన సర్వీసింగ్ సెంటరులో ర్యాంపు గంటసేపు అద్దెకి అడగండి. ర్యాంపు మీద పని చాలా సుఖం. ముందు రెండు చక్రాలు మాత్రమే లేపితే ఈ పని కుదరదు. బండి నలుమూలలా సమంగా ఉంటేనే ఆయిల్ మట్టం నిజం చెప్తుంది. ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి డోరు కింది అంచు మీద ఆనించి, పొడవునా, అడ్డంగా రెండు వైపులా చూసుకోండి.

ఆయిల్ మార్చే పద్ధతి

1. బండిని అయిదు పది నిమిషాలు నడిపి తీసుకురండి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే మడ్డితో సహా దిగుతుంది. హైవే మీద దూరం వెళ్లొచ్చి వెంటనే విప్పితే చేయి కాలుతుంది, అప్పుడు గంట ఆగండి. లివర్ పార్కింగ్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బండిని నాలుగు స్టాండ్ల మీదకి ఎక్కించండి. భుజంతో గట్టిగా ఒకసారి తోసి చూడండి. కదలకూడదు.

2. బండి కిందకి వెళ్లే ముందు పైన ఆయిల్ నింపే బోల్టు విప్పండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా పక్కకి తీస్తే గేర్‌బాక్స్ పై భాగంలో కనపడుతుంది. ఈ వరుస తప్పకండి. డ్రెయిన్ బోల్టు తీసి ఆయిలంతా దించేశాక పైబోల్టు రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది, స్టార్ట్ చేసి షెడ్డుకి కూడా తీసుకెళ్లలేరు. బోల్టు చుట్టూ దుమ్ము తుడిచాకే విప్పండి. గేర్‌బాక్స్ లోపలికి ఇసుక రేణువు కూడా పోకూడదు.

3. కింద టబ్బు పెట్టి డ్రెయిన్ బోల్టు తీయండి. దాన్ని ఇంజిన్ ఆయిల్ బోల్టుతో పొరబడకండి. రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి, తప్పు బోల్టు విప్పి ఇంజిన్ ఆయిల్ నేలపాలు చేసుకున్నవాళ్లు తక్కువేమీ లేరు. మొదటి చుక్క చూస్తే తెలుస్తుంది: డీజిల్ బండి ఇంజిన్ ఆయిల్ నల్లగా ఉంటుంది, ఏటీఎఫ్ ఎర్రగానో గోధుమ రంగులోనో ఉంటుంది.

4. ధార ఆగి చుక్కలు పడేదాకా ఆగండి. పావుగంట పైనే పడుతుంది. కొత్త వాషరు వేసి, సర్వీస్ మాన్యువల్లో ఇచ్చిన టార్క్‌కి (బిగింపు కొలతకి) బోల్టు బిగించండి. గేర్‌బాక్స్ ఒళ్లు అల్యూమినియం. మనవాళ్ల అలవాటు కొద్దీ "ఇంకో అర చుట్టు" అని పైపు వేసి బిగిస్తే మరలు ఊడి చేతికొస్తాయి.

5. దిగిన ఆయిల్‌ని కొలతల డబ్బాల్లోకి వంచండి. ఎన్ని లీటర్లు దిగిందో కాగితం మీద రాసుకోండి. బాక్స్‌లో మొత్తం ఏడు లీటర్ల వరకు ఉంటే బయటికి వచ్చేది అందులో సగం, అటూ ఇటూ. మిగతాది టార్క్ కన్వర్టర్‌లోనూ, ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ గొట్టాల్లోనూ ఉండిపోతుంది. తక్కువ వచ్చిందని కంగారు పడొద్దు.

6. దిగినంత కొత్త ఆయిల్, దాని మీద ఇంకో 700 మిల్లీలీటర్లు, గరాటుతో పైనుంచి నెమ్మదిగా పోయండి. ఈ అదనం తర్వాత లెవెల్ బోల్టులోంచి బయటికి వచ్చేస్తుంది. ఆయిల్ తక్కువై ఇంజిన్ తిరగడం కంటే కాస్త ఎక్కువై తిరగడం నయం. పైబోల్టు బిగించి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, దాని వైర్ల సాకెట్లు తిరిగి పెట్టేయండి. అవి లేకుండా స్టార్ట్ చేస్తే మీటరులో ఇంజిన్ లైటు వెలిగి, లేని టెన్షన్ పట్టుకుంటుంది.

7. ఇంజిన్ స్టార్ట్ చేయండి. తలుపులు మూసిన గ్యారేజీలో వద్దు, పొగ ప్రాణానికే ప్రమాదం. బ్రేక్ మీద కాలు ఉంచి లివర్‌ని పార్కింగ్ నుంచి డ్రైవ్ దాకా, మళ్లీ వెనక్కి, ఒక్కో చోట రెండు సెకన్ల పైన ఆపుతూ జరపండి. రెండు మూడు సార్లు చేయండి. చక్రాలు గాలిలో ఉంటాయి కాబట్టి ఆ సమయంలో బండి దగ్గర పిల్లలు, కుక్కలు లేకుండా చూసుకోండి.

8. పార్కింగ్‌లోకి తెచ్చి, ఆయిల్ ఉష్ణోగ్రత 50 నుంచి 60 డిగ్రీల మధ్యకి వచ్చేదాకా ఐడిల్‌లో ఉంచండి. ఈ అంకె ఈ గేర్‌బాక్స్‌ది. చాలా జర్మన్ బళ్లకి ఇంకా తక్కువ, 35 నుంచి 45. మీ బండి సర్వీస్ మాన్యువల్లో ఏముంటే అదే పాటించండి. వేడికి ఆయిల్ ఉబ్బుతుంది, అందుకే ఉష్ణోగ్రత తప్పితే మట్టం కూడా తప్పుతుంది.

9. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగానే లెవెల్ బోల్టు విప్పండి. మొదట ధారగా వస్తుంది. ధార సన్నబడి దారంలా అయినప్పుడు కొత్త వాషరుతో బోల్టు పెట్టేయండి. అసలేమీ రాకపోతే ఆయిల్ తక్కువైనట్టు. బోల్టు పెట్టి, ఇంజిన్ ఆపి, పైనుంచి అర లీటరు పోసి మళ్లీ 7 నుంచి మొదలుపెట్టండి. మొత్తం పనిలో ఓపిక కావలసింది ఇక్కడే. చాలా షెడ్లలో ఎగ్గొట్టేది కూడా ఈ అంచెనే. "ఎంత దిగిందో అంత పోశాం" అంటారు. ముందే లీకై తక్కువున్న బాక్స్‌లో దిగినంతే పోస్తే తక్కువ తక్కువగానే ఉంటుంది కదా.

10. బండి దించి కాస్త తిప్పి, ఒక రాత్రి కింద అట్టముక్క పరచి ఉంచండి. పొద్దున చుక్క కనపడకూడదు.

ఒక్కసారికి మారేది సగమే కాబట్టి పాతది ఇంకా సగం లోపలే ఉంది. మధ్యలో కొన్ని వందల కిలోమీటర్లు నడిపి ఇంకోసారి చేస్తే నాలుగింట మూడొంతులు కొత్తదవుతుంది. మెషిన్ పెట్టి ఒత్తిడితో కడిగే ఫ్లషింగ్ కంటే నాకు ఈ నిదానపు పద్ధతే ఇష్టం, ముఖ్యంగా లక్ష దాటినా ఒక్కసారి కూడా ఆయిల్ మార్చని బళ్లకి. ఈ గేర్‌బాక్స్‌లో ఫిల్టర్ లోపలెక్కడో ఉంటుంది, ఇంటి దగ్గర మార్చే వీలు లేదు. అడుగున రేకు తొట్టి ఉండే గేర్‌బాక్స్‌లలో చాలావాటికి తొట్టి విప్పి ఫిల్టర్, గ్యాస్కెట్ రెండూ మార్చుకోవచ్చు.

"ఆయిల్ మార్చాకే మా బాక్స్ పోయింది" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లలో చాలామంది బాక్స్ జారడం మొదలయ్యాక ఆఖరి ఆశగా ఆయిల్ మార్చినవాళ్లు. అరిగిన క్లచ్ ప్లేట్ల పొడి పాత ఆయిల్‌లో తేలుతూ కాస్తో కూస్తో పట్టు ఇస్తుంటుంది, దాన్ని తీసేస్తే అసలు అరుగుదల బయటపడుతుంది. జారుతున్న బాక్స్‌ని కొత్త ఆయిల్ బాగుచేయలేదు.

దిగిన ఆయిల్ ఏం చెప్తుంది

పాత ఆయిల్‌ని పారబోసే ముందు తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి వెలుతురులో చూడండి. ముదురు ఎరుపు, లేత గోధుమ రంగు అయితే వయసు ప్రభావం, అంతే. నల్లగా ఉండి మాడిన వాసన వస్తే లోపల క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయి. చిక్కటి రోజ్ మిల్క్‌లా ఉంటే రేడియేటర్ నీళ్లు గేర్‌బాక్స్‌లోకి వస్తున్నాయని అర్థం. రేడియేటర్ లోపలి కూలర్ చిల్లుపడితే ఇలా అవుతుంది. అప్పుడు బండి ఒక్క కిలోమీటరు కూడా నడపకండి, క్లచ్ ప్లేట్ల మీది పదార్థం తడికి ఊడిపోతుంది.

డ్రెయిన్ బోల్టుకి, తొట్టి అడుగుకి అయస్కాంతం ఉంటే దాని మీద బూడిద రంగు మెత్తటి ముద్ద కనపడుతుంది. వేళ్ల మధ్య రాస్తే కాటుకలా మెత్తగా ఉంటే మామూలే. గరుకుగా తగిలినా, గోరుకి అడ్డుపడే ముక్కలు ఉన్నా ఫోటో తీసి పెట్టుకోండి. మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు ఆ ఫోటో అవసరం పడుతుంది.

పాత ఆయిల్ మోరీలో పోయకండి. అది మన చట్టం ప్రకారం ప్రమాదకర వ్యర్థం. డబ్బాలో పోసి మూతపెట్టి, పాత ఆయిల్ రీసైక్లింగుకి ఇచ్చే సర్వీస్ సెంటరుకి ఇవ్వండి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి కామ్రీకి ఈ పని చేసుకునేవాళ్లకి ఇది ఇంకా సులువు, ఆటోజోన్ లాంటి షాపులు పాత ఆయిల్ ఉచితంగా తీసుకుంటాయి. కాకపోతే అపార్ట్‌మెంట్ పార్కింగులో రిపేర్లు చేయకూడదని అక్కడ చాలా లీజుల్లో ఉంటుంది, ముందు అది చదువుకోండి.

డిప్‌స్టిక్ ఉన్న బళ్లు

పాత నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లు చాలావాటికి డిప్‌స్టిక్ ఉంటుంది. బండి వేడెక్కాక, చదును నేల మీద, ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా, లివర్ అన్ని చోట్లకీ తిప్పి పార్కింగ్‌లోకి తెచ్చి చూడాలి. "హాట్" గీతల మధ్య ఉండాలి. పాత హోండాల్లో మాత్రం ఇంజిన్ ఆపేసి ఒకటిన్నర నిమిషం లోపే చూడాలి. మట్టం ఎక్కువైనా చెడ్డదే: తిరిగే భాగాలు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి, నురగతో ఒత్తిడి రాదు.

ఇబ్బంది వచ్చినప్పుడు ఏం చూడాలి

లివర్ పార్కింగ్ నుంచి కదలకపోవడం. వినడానికి భయంగా ఉంటుంది గానీ చాలాసార్లు చవకగా తేలిపోతుంది. ఎవరినైనా వెనక నిలబెట్టి బ్రేక్ తొక్కండి. బ్రేక్ లైట్లు వెలగకపోతే తప్పు గేర్‌బాక్స్‌ది కాదు, బ్రేక్ పెడల్ దగ్గరి స్విచ్చిదో, దాని ఫ్యూజ్‌దో. బ్రేక్ తొక్కినట్టు కంప్యూటరుకి తెలియకపోతే లివర్‌ని వదలదు. అప్పటికి బండి కదిలించాలంటే, లివర్ పక్కన చిన్న మూత కింద షిఫ్ట్ లాక్ రిలీజ్ ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేక్ తొక్కి, తాళం చెవితో అది నొక్కుతూ లివర్ జరపండి.

పార్కింగ్‌లో స్టార్ట్ కాకుండా న్యూట్రల్‌లో స్టార్ట్ అయితే లివర్ స్థానం చెప్పే ఇన్‌హిబిటర్ స్విచ్చినీ, లివర్ కేబుల్ సర్దుబాటునీ అనుమానించండి.

డ్రైవ్‌లోనో రివర్స్‌లోనో వేయగానే ధడ్ మని కొట్టడం. ముందు ఐడిల్ ఆర్‌పీఎం చూడండి, ఎక్కువుంటే ఏ గేర్‌బాక్స్ అయినా కొడుతుంది. తర్వాత మౌంటింగులు. బానెట్ ఎత్తి, బండికి ముందు కాకుండా పక్కన నిలబడి, సీట్లో కూర్చున్నవారిని బ్రేక్ గట్టిగా తొక్కిపట్టి డ్రైవ్ నుంచి రివర్స్‌కి, రివర్స్ నుంచి డ్రైవ్‌కి మార్చమనండి. ఇంజిన్ కాస్త ఒరగడం సహజం. ఎగిరి పడుతుంటే మౌంటింగ్ రబ్బరు చిరిగింది. గేర్‌బాక్స్ జర్క్ అని వచ్చే ఫిర్యాదుల్లో మౌంటింగ్‌ది పెద్ద వాటా, అది మార్చడం కొద్ది గంటల పని.

పొద్దున మొదటిసారి గేర్ పట్టడానికి రెండు మూడు సెకన్లు పడితే ముందు ఆయిల్ మట్టం చూడండి. మట్టం సరిగ్గా ఉండీ ఆలస్యమవుతుంటే లోపల రబ్బరు సీళ్లు గట్టిపడుతున్నాయి. ఆర్‌పీఎం లేచి బండి ముందుకి పోకపోవడం అంటే జారడం. మట్టం తక్కువైతే సరిచేసి చూడండి, ఆయిల్ మాడి ఉంటే మాత్రం ఇంటి పని అయిపోయినట్టే.

50, 70 కిలోమీటర్ల వేగం మధ్య యాక్సిలరేటర్ తేలిగ్గా పట్టుకుని వెళ్తుంటే రంబుల్ స్ట్రిప్ మీద వెళ్తున్నట్టు వణుకు వస్తుందా? ఇంజిన్ మిస్సింగా, టార్క్ కన్వర్టర్ లాకప్ క్లచ్చా (ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌కి నేరుగా కలిపే క్లచ్) అన్నది తేల్చుకోవచ్చు. వెనక బండ్లు లేని ఖాళీ రోడ్డు మీద, అదే వేగంలో, బ్రేక్ లైట్లు వెలిగేంత మాత్రం పెడల్‌ని తాకండి. అంతటితో లాకప్ విడిపోతుంది. వణుకు ఆ క్షణంలోనే మాయమైతే లాకప్‌దే తప్పు, పైన చెప్పినట్టు రెండు విడతల ఆయిల్ మార్పుతో చాలాసార్లు తగ్గుతుంది. వణుకు అలాగే ఉంటే స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్, ఇంజెక్టర్లు చూడండి.

బండి ఒకే గేరులో ఇరుక్కుని, ఎంత తొక్కినా మార్చకపోతే లింప్ మోడ్‌లోకి పోయింది. ఏదో సెన్సర్ తప్పు చెప్పడంతో కంప్యూటరు గేర్‌బాక్స్‌ని కాపాడుకోవడానికి చేసిన పని అది. స్టార్ట్ చేసేటప్పుడు నీరసంగా ఉండే పాత బ్యాటరీ కూడా దీనికి కారణం కావొచ్చు. మల్టీమీటరుతో చూస్తే ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.4 వోల్టులకి పైన, ఆన్‌లో ఉన్నప్పుడు సుమారు 14 వోల్టులు ఉండాలి. టెర్మినళ్లు విప్పి శుభ్రం చేసి బిగించండి.

అప్పుడు స్కానర్ పెట్టండి. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో పెడితే కోడ్‌లు వస్తాయి. పి0700 వస్తే అది తలుపు మీది బెల్లు మాత్రమే, గేర్‌బాక్స్ కంప్యూటరు దగ్గర వేరే కోడ్ ఉందని చెప్తుంది. అసలు కోడ్ చదివే యాప్‌తో చూడండి. పి0715 అయితే ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్, పి0720 అవుట్‌పుట్ స్పీడ్ సెన్సర్, పి0730 గేరు నిష్పత్తి సరిపోలడం లేదు, అంటే జారుతుండొచ్చు, పి0740 టార్క్ కన్వర్టర్ లాకప్ సర్క్యూట్, పి0218 అతివేడి. సెన్సర్ కోడ్ వస్తే ముందు దాని సాకెట్ ఊడదీసి చూడండి. వానాకాలం నీళ్లలో తిరిగిన బళ్లకి అక్కడ పచ్చటి తుప్పు పడుతుంది, ఎలుకలు కొరికిన వైర్లు కూడా మామూలే. కోడ్ రాసుకోకుండా చెరపకండి. చెరిపేసి షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్‌కి వెతకడానికి ఏమీ మిగలదు.

కింద ఎర్ర చుక్కలు కనపడితే అవి ఎక్కడ పడుతున్నాయో చూడండి. ముందు రేడియేటర్ కింద అయితే కూలర్ గొట్టాల క్లిప్పులు, చక్రం వైపు అయితే యాక్సిల్ ఆయిల్ సీల్. ఏసీ నీళ్లకి రంగు, జిడ్డు ఉండవు, దానికి భయపడొద్దు.

ఏఎంటీ, డీసీటీ ఉన్నవాళ్లకి

ఏఎంటీలో గేరు మారేటప్పుడు కాసేపు ఆగినట్టుండటం దాని స్వభావం, రిపేరుతో పోదు. డ్రైవర్ డోరు తీయగానే గుర్ మని వచ్చే శబ్దం హైడ్రాలిక్ పంపుది, అది కూడా మామూలే. ఫ్లైఓవర్ ఎక్కే చోట బ్రేక్ మీద కాకుండా యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టే అలవాటు మాత్రం క్లచ్‌ని తొందరగా తినేస్తుంది. క్లచ్ మార్చాక స్కానర్‌తో లెర్నింగ్ (కొత్త క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటరుకి నేర్పడం) చేయించాల్సిందే. చేయకుండా బండి అప్పగిస్తే తీసుకోకండి.

డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్) డీసీటీకి ట్రాఫిక్‌లో ఇంచీ ఇంచీ పాకడం పడదు. ముందు బండి కాస్త దూరం పోనిచ్చి ఒకేసారి కదలండి. మీటరులో గేర్‌బాక్స్ వేడి హెచ్చరిక వస్తే పక్కకి ఆపి, పార్కింగ్‌లో ఇంజిన్ ఆన్‌లో ఉంచి చల్లారనివ్వండి. ఫోక్స్‌వాగన్ ఆరు గేర్ల వెట్ క్లచ్ (ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్) డీఎస్‌జీకి 60,000 కిలోమీటర్లకి ఆయిల్ మార్పు కంపెనీయే చెప్పింది. దాన్ని దాటవేయకండి.

బండి ఆగిపోతే

ఆటోమేటిక్‌ని తోసి స్టార్ట్ చేయలేం. తాడు కట్టి ఈడ్చుకెళ్లడం అంతకన్నా తప్పు. ఇంజిన్ తిరగనప్పుడు ఆయిల్ పంపు తిరగదు, చక్రాలు మాత్రం లోపలి గేర్లని ఎండుగా తిప్పుతాయి. ఫ్లాట్‌బెడ్ లారీ పిలవండి. అది దొరకకపోతే, ముందు చక్రాలతో నడిచే బండి అయితే ఆ ముందు చక్రాలు గాలిలోకి లేచేలా కట్టించండి.

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు, తిరుమల నుంచి వచ్చినా శ్రీశైలం నుంచి వచ్చినా, మాన్యువల్ మోడ్‌లో రెండో గేరో మూడో గేరో పెట్టుకుని దిగండి. న్యూట్రల్‌లో జారవిడిస్తే డీజిల్ మిగలదు, బ్రేకులు మాత్రం మాడిపోతాయి.

ఇవన్నీ చూశాక కూడా బాక్స్ విప్పక తప్పదని తేలితే, వెళ్లే ముందు కాగితం మీద రాసుకెళ్లండి: ఏ కోడ్‌లు వచ్చాయి, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఏ గేరు నుంచి ఏ గేరుకి మారేటప్పుడు, ఆయిల్ ఎప్పుడు ఏ గ్రేడుది మార్చారు. మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని అదే ఇబ్బంది నడిపి చూపించండి. విప్పే ముందు అంచనా రాయించుకోండి, మార్చిన పాత సామాన్లు ఇవ్వమని ముందే చెప్పండి. టార్క్ కన్వర్టర్, కూలర్ కూడా శుభ్రం చేస్తారా అని అడగండి. చేయకపోతే పాత లోహపు పొడి కొత్త ప్లేట్లలోకి తిరిగి వచ్చేస్తుంది. బిల్లులో పోసిన ఆయిల్ పేరు, లీటర్లు రాయించుకుని, మొదటి వెయ్యి కిలోమీటర్ల తర్వాత మట్టం మీరే ఇంకోసారి చూసుకోండి.